ఎఫ్ అంటే ఫెయిల్ కాదమ్మా

ప్రశ్న: నమస్తే టీచర్ గారూ. మాది విశాఖపట్నం గాజువాక. మా పాపకి ఏడేళ్ళు. ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు మీడియం, రెండో తరగతి. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ప్రోగ్రెస్ కార్డుతో పాటు ఒక కాగితం ఇచ్చారు. అందులో ‘రీడింగ్ లెవెల్: ఎఫ్’ అని ఉంది. మా ఆయన అది చూసి ఫెయిల్ అనుకుని కంగారుపడ్డారు. మేడమ్‌ని అడిగితే ‘ఎ నుంచి జెడ్ దాకా లెవెళ్ళుంటాయి, ఈపాటికి మీ పాప కె దగ్గర ఉండాలి’ అన్నారు. మధురవాడలో ఉండే మా ఆడపడుచు కొడుకుదీ రెండో తరగతే. వాడికి వాళ్ళ స్కూల్లో ‘420 ఎల్’ అని ఇచ్చారట. ఫోన్లో పిల్లల కథలు వెతికితే అక్కడ మళ్ళీ ఒకటి నుంచి నాలుగు లెవెళ్ళు. ఏది ఎక్కువో ఏది తక్కువో అర్థం కావట్లేదు. ఇంట్లో తెలుగు తగ్గించి ఇంగ్లీషులో మాట్లాడమని స్కూల్లో చెప్పారు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. రాత్రిళ్ళు మా అత్తగారు పాపకి తెలుగులో కథలు చెప్తారు, అవి కూడా మానిపించాలా? మా ఆయన ట్యూషన్ పెట్టేద్దాం అంటున్నారు. పాప నిజంగా వెనకబడిపోయిందా?
— ఒక అమ్మ, గాజువాక

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట. మీ అత్తగారి కథలు ఆపకండి. ఎందుకో తర్వాత చెప్తాను. ఈ ఉత్తరం మీకు చేరేలోపు మొహమాటానికి ఎక్కడ ఆపేస్తారోనని ముందే చెప్పేస్తున్నాను.

ఇక ఆ కాగితం సంగతి. పూర్ణా మార్కెట్‌కి వెళ్తే బియ్యం కిలోల్లో కొంటాం, జాకెట్టు గుడ్డ మీటర్లలో, మల్లెపూలు మూరల్లో. ‘మూర మల్లెపూలు ఎక్కువా, కిలో బియ్యం ఎక్కువా’ అని ఎవరూ అడగరు. మీ పాప ఎఫ్, మేనల్లుడి 420 ఎల్, ఫోన్లో లెవెల్ 2 కూడా అలాంటివే. మూడూ వేరు వేరు కొలతలు. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చే పట్టికలు కనిపిస్తాయిగానీ అవి ఉజ్జాయింపు లెక్కలు. వాటిని పట్టుకుని ఆడపడుచు ఇంట్లో పోటీ పెట్టుకోకండి.

ఎ నుంచి జెడ్ అనే కొలత ఐరీన్ ఫౌంటస్, గే సు పిన్నెల్ అనే ఇద్దరు అమెరికన్ విద్యావేత్తలది. 1996లో బయటికొచ్చింది. పుస్తకంలో వాక్యాలు ఎంత పొడుగున్నాయి, మాటలు ఎంత కష్టం, బొమ్మ ఎంత సాయం చేస్తుంది, ఒకే వాక్యం ఎన్నిసార్లు తిరిగొస్తుంది, ఇలాంటివన్నీ చూసి పుస్తకానికి ఒక అక్షరం ఇస్తారు. మళ్ళీ చదవండి, అక్షరం ఇచ్చేది పుస్తకానికి. పిల్లకి రేపు ఏ పుస్తకం చేతికివ్వాలో టీచరుకి తెలియడానికి పెట్టిన గుర్తు అది. పిల్ల నుదుటి మీద అతికించడానికి కాదని ఆ ఇద్దరూ తర్వాత పదే పదే చెప్పుకోవాల్సొచ్చింది. మన స్కూళ్ళ దాకా అక్షరాలు వచ్చాయి, ఆ మాట మాత్రం దారిలో ఎక్కడో జారిపోయింది.

మీ టీచర్ చెప్పిన లెక్క తప్పని మాత్రం అనను. అమెరికాలో ఒకటో తరగతి మధ్యలో ఉన్న పిల్లలు ఎఫ్ పుస్తకాలు చదువుతారు. రెండో తరగతిలో అడుగుపెట్టేటప్పటికి జె, కె దగ్గరికి వస్తారు, ఏడాది చివరికి ఎమ్. ఆ కొలబద్ద పక్కన నిలబెడితే మీ పాప దాదాపు ఏడాది కింద ఉంది. ఇందులో దాచేదేం లేదు. కానీ ఆ కొలబద్ద ఎవరి కోసం చేసింది? అక్కడ ఎక్కువమంది పిల్లలు పుట్టినప్పటి నుంచీ ఇంట్లో, వీధిలో, టీవీలో ఇంగ్లీషు విని బడికొచ్చినవాళ్ళు. పుస్తకంలో ‘బకెట్ నిండిపోయింది’ అనే వాక్యం ఇంగ్లీషులో ఉంటే, ఆ పిల్లకి కొత్తది అక్షరాలు మాత్రమే, మాట పాతదే. మీ పాపకి రెండూ కొత్తే. ఒకే పరుగు పందెంలో ఒకరు ఉత్త చేతుల్తో, ఇంకొకరు నీళ్ళ బిందెతో పరిగెత్తుతున్నట్టు లెక్క.

మేనల్లుడి 420 ఎల్ సంగతి. దాని పేరు లెక్సైల్. మెటామెట్రిక్స్ అనే అమెరికన్ సంస్థ తయారుచేసింది. ఇది వాక్యాల పొడవునీ, మాటలు ఎంత తరచుగా వాడకంలో ఉన్నాయన్నదాన్నీ చూసి అంకె ఇస్తుంది. పుస్తకానికీ పిల్లాడికీ ఒకే అంకెల వరస. పిల్లాడి అంకె, పుస్తకం అంకె ఒకటే అయితే అందులో సుమారు 75 శాతం అర్థం చేసుకుంటాడని అంచనా. అంకె చూస్తే పెద్ద శాస్త్రంలా కనిపిస్తుంది. కానీ కథ బాగుందా, ఏడేళ్ళవాడికి తగినదా అన్నది దానికి తెలీదు. చావు గురించి పొట్టి పొట్టి వాక్యాల్లో రాసిన కథకి చిన్న అంకె రావచ్చు, లారీల గురించి పొడుగు వాక్యాల్లో రాసిన బొమ్మల పుస్తకానికి పెద్దది రావచ్చు. పెద్దవాళ్ళు చదివి వినిపించాల్సిన బొమ్మల పుస్తకాలకు ఆ సంస్థే అంకె ముందు ఒక గుర్తు పెడుతుంది. అంటే పిల్లాడి చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోవద్దని.

ఫోన్లో మీరు చూసింది స్టోరీవీవర్ అయి ఉంటుంది. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టారు. తెలుగు కథలు కూడా ఉచితంగా దొరుకుతాయి, డౌన్‌లోడ్ చేసుకుని ప్రింటు తీసుకోవచ్చు. అక్కడ లెవెల్ 1 అంటే తెలిసిన మాటలు, మళ్ళీ మళ్ళీ వచ్చే వాక్యాలు, 250 మాటల లోపు. లెవెల్ 2 అంటే 600 మాటల దాకా. లెవెల్ 3కి వస్తే 1500 వరకు, ఆ పైనది లెవెల్ 4. మూడు కొలతల్లోకీ నాకు నచ్చేది ఇదే. ఎందుకంటే ఇది కథ ఏ లెవెలో చెప్తుందిగానీ పిల్లకి మార్కులు వెయ్యదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చదవడం అంటే రెండు పనులు కలిసి జరగడం. కాగితం మీది గుర్తుల్ని మాటగా పలకడం ఒకటి. ఆ మాట వింటే అర్థం కావడం రెండోది. 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని గుణకారం లెక్కగా చెప్పారు. చూడండి, కూడిక అనలేదు. కూడికలో ఒకటి సున్నా అయినా రెండోది మిగుల్తుంది. గుణకారంలో ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నాయే. మన దగ్గర ఇంగ్లీషు పాఠాన్ని గడగడా చదివేసి, ‘ఏం జరిగిందిరా కథలో’ అంటే గోడకేసి చూసే పిల్లలు కావలసినంతమంది ఉన్నారు. వాళ్ళకి రెండోది సున్నా. ఆ గడగడ చూసి పెద్దవాళ్ళు మురిసిపోతారు. నేనూ చాలాకాలం మురిసిపోయాను.

మీ కాగితం మీద ఉన్న ఎఫ్ ఈ రెంటినీ కలిపి చెప్తోంది. ఎక్కడ ఆగిందో చెప్పట్లేదు. అది మీరు ఇంట్లోనే తెలుసుకోవచ్చు, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు.

స్కూల్లో ఇచ్చిన పుస్తకం ఒకటి తీసుకోండి. పాపని చదవమనండి. మధ్యలో దిద్దకండి, ఆగితే మూడు దాకా లెక్కపెట్టి మాట అందించి ముందుకు పొమ్మనండి. తప్పిన మాటల దగ్గర మీ దగ్గరున్న కాగితం మీద చిన్న గీత పెట్టుకోండి, పాపకి కనబడకుండా. తర్వాత ఒకటి రెండు పేజీల్లో బొమ్మని అరచేత్తో మూసి మళ్ళీ చదివించండి. మొదటి లెవెళ్ళ పుస్తకాల్లో ‘నాకు అరటిపండు ఇష్టం, నాకు మామిడిపండు ఇష్టం’ అని ఒకే వాక్యం తిరుగుతూ ఉంటుంది. పిల్లలు వాక్యం కంఠతా పట్టి, బొమ్మ చూసి పండు పేరు మార్చి చెప్పేస్తారు. చదివినట్టే ఉంటుంది, చదవరు. ‘తెలియకపోతే బొమ్మ చూసి ఊహించు’ అని నేర్పే పద్ధతి మీద అమెరికాలోనే ఈమధ్య పెద్ద గొడవ జరిగి, చాలా రాష్ట్రాలు దాన్ని వదిలి అక్షరాల ధ్వనుల్ని వరసగా నేర్పే దారికి మళ్ళాయి. మనం మాత్రం వాళ్ళు వదిలేసినదాన్ని కొత్త సరుకనుకుని తెచ్చుకుంటున్నాం.

రెండో పనికి అదే లెవెల్లో పాప ఇంతకుముందు చూడని ఇంకో పుస్తకం కావాలి. ఈసారి మీరు చదవండి, పాప వింటుంది. మీ ఇంగ్లీషు అంతంతమాత్రం అన్నారుగానీ, ఎఫ్ పుస్తకంలో పేజీకి రెండు మూడు పొట్టి వాక్యాలే ఉంటాయి, మీరు చదవగలరు. అయ్యాక ‘ఏమైందో చెప్పవే’ అని తెలుగులో అడగండి. తెలుగులోనే చెప్పనివ్వండి. ఇది ముఖ్యం. ఇంగ్లీషులో చెప్పమంటే అర్థమైనది కూడా నోట్లోనే ఆగిపోతుంది.

వింటే అర్థమైంది, చదవమంటే రావట్లేదు అనుకోండి, అక్షరాలు, వాటి ధ్వనుల దగ్గర పని ఉందన్నమాట. చదివేస్తోంది కానీ మీరు చదివి వినిపించినా అర్థం కావట్లేదంటే లోటు ఇంగ్లీషు మాటల్లో ఉంది. దానికి చదువు డ్రిల్లు ఎంత చేయించినా లాభం లేదు, ఆ మాటలు చెవిన పడాలి. మీ పాప విషయంలో, నా అనుభవాన్ని బట్టి, రెండూ కాస్త కాస్త ఉంటాయి.

టీచర్ గారిని కూడా ఒక ప్రశ్న అడగండి. ఎఫ్ అన్నది బడిలో టీచర్ పక్కన కూర్చుని చదివే లెవెలా, ఇంట్లో పాప తనంతట తాను చదువుకునే లెవెలా? ఈ పద్ధతిలో ఆ రెండూ వేరు. ఈ తొలి లెవెళ్ళలో 100 మాటలకు 95 పైగా సరిగ్గా చదివి, అర్థం కూడా చెప్తే అది తనంతట తాను చదివే పుస్తకం. 90 నుంచి 94 అయితే టీచర్ సాయంతో చదివేది. అంతకంటే తక్కువైతే ఆ పుస్తకం ఇప్పటికి కష్టం. చాలా స్కూళ్ళు రెండోదాన్ని కాగితం మీద రాసి, అదే లెవెల్ పుస్తకాల్ని ఇంటికి పంపుతాయి. రోజంతా బడిలో నలిగొచ్చిన పిల్ల రాత్రి ఎనిమిదింటికి ప్రతి పది మాటలకూ ఒకచోట తట్టుకుంటూ చదవాలి. ఏడుపు రాక ఏం వస్తుంది? ఎఫ్ అన్నది సాయంతో చదివేదైతే ఇంటికి డి, ఇ పుస్తకాలు అడిగి తెచ్చుకోండి. మొహమాటపడకండి. తేలికైన పుస్తకం పదిసార్లు చదివితేనే ధార వస్తుంది.

మీ ఉత్తరంలో ఒక మాట ఎక్కడా లేదు. పాప తెలుగు ఎంతవరకు చదువుతుంది? మీరు రాయలేదు, స్కూలు వాళ్ళూ చెప్పి ఉండరు. తెలుగుకి ఎ నుంచి జెడ్ లేదు కదా.

లేదుగానీ, తెలుగులో లెవెళ్ళు లిపిలోనే ఉన్నాయి. మీరు బీచ్‌కి వెళ్ళినప్పుడు చూడండి. అల, వల, ఓడ, పడవ. ఇవన్నీ అచ్చులూ తలకట్లే. అక్షరమాల వచ్చిన పిల్ల చదివేస్తుంది. చేప, పీత, రేవు, ఇసుక దగ్గరికొస్తే గుణింతం కావాలి. గవ్వ, రొయ్య, కొబ్బరి అంటే అదే అక్షరానికి అదే ఒత్తు. సముద్రం, సూర్యుడు అంటే ఒక అక్షరానికి వేరే ఒత్తు. ఇక మత్స్యకారులు దగ్గర ఒకే అక్షరం కింద రెండు ఒత్తులు. ఆర్కే బీచ్‌లో పావుగంట కూర్చుంటే రెండేళ్ళ తెలుగు సిలబస్ కళ్ళ ముందుంటుంది.

బస్సు బోర్డులూ అంతే. మీ గాజువాకలో ఒత్తే లేదు. మధురవాడా అంతే, భీమిలీ అంతే. కంచరపాలెం, సింహాచలం, హనుమంతవాక అంటే సున్నా చేరింది. అక్కయ్యపాలెం, మద్దిలపాలెం రెండో మెట్టు. ద్వారకానగర్, పెందుర్తి ఇంకో మెట్టు పైన. కూర్మన్నపాలెం చదివేసిన పిల్ల దాదాపు గట్టెక్కినట్టే, అందులో రెండు రకాల ఒత్తులూ ఉన్నాయి. మా బళ్ళో పిల్లల్ని ‘నువ్వు ఏ స్టాపు దాకా వచ్చావురా’ అని అడిగేదాన్ని. ‘మద్దిలపాలెం దాటేశాను టీచర్’ అనేవాడు ఒకడు. వాడు ఏ పరీక్షలోనూ నాకు అంత గర్వంగా జవాబు చెప్పలేదు.

తెలుగులో ఈ మెట్లు ఎక్కడానికి సమయం పడుతుంది. ఇంగ్లీషులో 26 అక్షరాలు రెండు నెలల్లో గుర్తుపట్టేయొచ్చు, ఆ తర్వాత అవి ఎక్కడ ఎలా పలుకుతాయన్నదే ఏళ్ళ తరబడి తల తింటుంది. తెలుగులో చూసింది చూసినట్టు పలుకుతుంది, కానీ చూడాల్సినవే ఎక్కువ. 36 హల్లులకు పన్నెండేసి గుణింతపు రూపాలు వేసుకున్నా 432. ఒత్తులు ఇంకా లెక్కలోకి రాలేదు. మన లిపికి అక్కచెల్లెలి వరస అయిన కన్నడంలో పిల్లల చదువు మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, అక్షరాలు కుదురుకోవడం మొదటి ఏడాదితో అయిపోదు, నాలుగో తరగతి దాకా సాగుతుంది. కాబట్టి రెండో తరగతి పిల్ల ‘సూర్యుడు’ దగ్గర తడబడితే కొంప మునగలేదు. ‘పడవ’ దగ్గర తడబడితే మాత్రం ఆలోచించాలి.

మన ప్రభుత్వానికీ ఒక కొలబద్ద ఉంది. 2021 జూలైలో మొదలైన నిపుణ్ భారత్. 2026–27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలన్నది దాని గురి. ఒకటో తరగతి చివరికి నాలుగైదు తేలిక మాటలున్న కొత్త వాక్యం, రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడుకి కనీసం 60. ఇది విని ఫోన్లో స్టాప్‌వాచ్ తియ్యకండి. ‘వెళ్ళిపోతున్నారనుకున్నాను’ అన్నది మనకి ఒక మాట, అదే సంగతి ఇంగ్లీషులో ఐదారు మాటలు. తెలుగులో నిమిషానికి 40 చదివే పిల్ల ఇంగ్లీషులో 60 చదివే పిల్ల కంటే నెమ్మది అని ఎలా అంటాం?

ఇంకొకటి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ అసర్ సర్వే. 2005 నుంచి పల్లెల్లో ఇంటికెళ్ళి పిల్లల చేత చదివిస్తారు. అక్షరాలు, మాటలు, నాలుగు వాక్యాల చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ. అంతే. 2024లో దేశం మొత్తం మీద పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో ఆ రెండో తరగతి కథ చదవగలిగినవాళ్ళు 27.1 శాతం. మీ పాప ఒక్కర్తే కాదు అని ఊరడించడానికి చెప్పట్లేదు. ఇంతమంది చదవలేకపోవడం ఊరటేం కాదు. అసర్ పద్ధతిలో నాకు నచ్చేది ఒకటుంది. పిల్లకి వచ్చిన భాషలో అడుగుతారు. మీరూ అలాగే అడగండి. తెలుగులో ‘పడవ, చేప, గవ్వ’ చదివేసి, చిన్న కథ వింటే తిరిగి చెప్పగలిగే పిల్ల అయితే, చదవడం అనే విద్య దానికి పట్టుబడింది. మిగిలింది ఇంగ్లీషు. అది భాష సమస్య, పిల్ల బుర్ర సమస్య కాదు.

అత్తగారి కథలు ఆపొద్దని మొదట్లోనే ఎందుకన్నానో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది. గుణకారంలో రెండో అంకె ఆవిడ చేతిలో ఉంది. కథకి మొదలు ఉంటుంది, మధ్యలో చిక్కు పడుతుంది, ఎవరో ఎందుకో ఏదో చేస్తారు, తర్వాత ఏమవుతుందో అని పిల్ల ఊహిస్తుంది. ఇదంతా తెలుగులో నేర్చుకున్న పిల్ల ఇంగ్లీషు పుస్తకం తెరిచినప్పుడు మళ్ళీ మొదట్నించీ నేర్చుకోనక్కర్లేదు. నేను చూసిన పిల్లల్లో, ఇంట్లో కథలు విన్నవాళ్ళు ఆలస్యంగా మొదలుపెట్టినా గబగబా అందుకునేవారు.

ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడమన్న సలహా మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు. కానీ మీకు రాని భాషలో మీరు పాపతో ఏం మాట్లాడతారు? ‘ఈట్, కమ్, సిట్’ అంటారు, అక్కడితో సరి. ‘సముద్రంలో నీళ్ళు ఉప్పగా ఎందుకున్నాయమ్మా’ అని అడిగితే ఆ ఇంగ్లీషుతో జవాబు చెప్పలేరు, పిల్ల అడగడం మానేస్తుంది. మీరు తెలుగులోనే మాట్లాడండి, ఎక్కువ మాట్లాడండి. ఇంగ్లీషు పుస్తకం చదివినా దాని గురించి తెలుగులో కబుర్లు చెప్పుకోండి. ఇంగ్లీషు చెవిన పడడానికి రోజూ పదిహేను నిమిషాలు మంచి గొంతుతో చదివిన కథ పెట్టండి, వింటూ పుస్తకంలో వేలు పెట్టి చూడమనండి.

నా తప్పు ఒకటి చెప్తాను. చాలా ఏళ్ళ కిందట, అప్పట్లో ఏదో ట్రైనింగులో చూసొచ్చి, క్లాసు గోడ మీద చార్టు పెట్టాను. ప్రతి పేరు పక్కనా రంగు చుక్క. బాగా చదివేవాళ్ళకి ఆకుపచ్చ, మధ్యవాళ్ళకి పసుపు, రానివాళ్ళకి ఎరుపు. ఎంతో ముచ్చటగా కత్తిరించి అతికించాను. వారం తిరక్కుండానే ఒక పిల్ల గోరుతో తన చుక్కని గీకేసింది. కాగితం కూడా చిరిగిపోయి అక్కడ చిల్లు పడింది. తిట్టాను కూడా. సాయంత్రం వాళ్ళమ్మమ్మ తీసుకెళ్ళడానికొచ్చి గోడ చూసి, ‘ఏటమ్మా టీచరమ్మా, మా పిల్ల పేరు కాడ కన్నం పడిపోనాది’ అంది. జవాబు రాలేదు నాకు. చార్టు ఆ రాత్రే తీసేశాను. ఆ పిల్ల నాలుగో తరగతికి వచ్చాకగానీ నా ఎదుట గొంతెత్తి చదవలేదు.

అందుకే, లెవెల్ కాగితం మీ బీరువాలో ఉండనివ్వండి. పాప ముందు, చుట్టాల ముందు ఆ అక్షరం ఎత్తకండి. మీ ఆడపడుచు అడిగితే ‘బాగానే చదువుతోంది వదినా’ అనండి, అబద్ధమేం కాదు.

ట్యూషన్ విషయం. మీ ఆయన కంగారు నాకర్థమైంది, కానీ ఇప్పుడే వద్దు. ట్యూషన్లో ఎక్కువగా చేయించేది హోంవర్కు. పాపకి కావలసింది అది కాదు. తప్పదనుకుంటే చెప్పేవారిని ఒక్కటే అడగండి, ‘రోజూ పిల్ల చేత పుస్తకం చదివిస్తారా, కథ చదివి వినిపిస్తారా’ అని. నీళ్ళు నమిలితే వెనక్కి వచ్చేయండి. మీ ఆయన సెలవు రోజున పాప పక్కన కూర్చుని ఇరవై నిమిషాలు పాప చదివేది వింటే అది ట్యూషన్ కంటే చవక, ఎక్కువ పని చేస్తుంది. దిద్దడానికి కాదు, వినడానికి. చాలామంది నాన్నలకి ఇదే కష్టం.

ఇక జాగ్రత్తపడాల్సిన సంగతి. ముందు కళ్ళు చూపించండి. బోర్డు మీద రాసింది తప్పుగా ఎక్కించుకోవడం, పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకోవడం, కళ్ళు నలుపుకోవడం ఉంటే ఆలస్యం చేయొద్దు. ఇవేవీ లేకపోయినా ఒకసారి చూపించడం మంచిదే. హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, మీకు వేపగుంట వైపు తేలికైతే శంకర్ ఫౌండేషన్ ఉంది. చెవి కూడా చూపించండి, తరచు జలుబు చేసి చెవిపోటు వచ్చే పిల్లలకి సన్నటి ధ్వనుల తేడా తెలియదు.

ఆరు నెలలు రోజూ ఓపిగ్గా చదివించినా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ కూడా నిన్న చెప్పిన అక్షరం ఇవాళ గుర్తులేకపోవడం, ‘పలక’ అనే మాటలో మొదటి ధ్వని ఏదంటే నోటితో చెప్పలేకపోవడం, ఇంట్లో ఇంకెవరికైనా చిన్నప్పుడు చదువు ఇలాగే కష్టమై ఉండడం, ఇవన్నీ కలిసి కనిపిస్తే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళి డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం దగ్గర వచ్చే ఇబ్బంది, దాని పరీక్ష గురించి అడగండి. ఒక్క భాషలోనే ఇబ్బంది ఉంటే అది చాలావరకు భాష అలవాటు లేకపోవడం. రెండింట్లోనూ ఉంటేనే అనుమానించాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో డిస్లెక్సియా వంటి అభ్యసన ఇబ్బందులూ ఉన్నాయి, కాబట్టి బడి నుంచి సాయం అడగడం పిల్ల హక్కు. మీ ఉత్తరాన్ని బట్టి అంతదాకా వస్తుందని నేననుకోవట్లేదు. తెలిసి ఉండాలని రాశాను.

చివరగా ఒక పని చెప్తాను, మా బడిలో అన్నిటికంటే బాగా పనిచేసింది ఇదే. అత్తగారు రాత్రి చెప్పిన కథని పొద్దున్న పాపని చెప్పమనండి. పాప ఎలా చెప్తే అలాగే, దాని మాటల్లోనే, పెద్ద అక్షరాలతో ఒక నోటుపుస్తకంలో నాలుగు వాక్యాలు రాయండి. ‘పులి నీలుగుతా ఎల్లిపోనాది’ అంటే అలాగే రాయండి, దిద్దకండి. బొమ్మ పాప వేస్తుంది. సాయంత్రం అదే పేజీ పాప చేత చదివించండి. తను చెప్పిన మాటలే కాబట్టి చదవగలుగుతుంది. కొన్నాళ్ళకి కింద ఒక్క వాక్యం ఇంగ్లీషులో చేర్చండి, మీకు తెలిసినంత. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది, సెలవురోజున అటు తీసుకెళ్తే ఏ పుస్తకం కావాలో పాపనే ఎంచుకోనివ్వండి. దాని లెవెల్ కంటే పెద్దది ఎంచుకుంటే లాక్కోకండి, అది మీరు చదివి వినిపించే పుస్తకం అవుతుంది.

సంక్రాంతి సెలవుల తర్వాత మళ్ళీ రాయండి. పాప ఏ స్టాపు దాకా వచ్చిందో చెప్పండి. వీలైతే ఆ నోటుపుస్తకంలోంచి ఒక పేజీ ఫోటో తీసి పంపండి, మీ అత్తగారి పులి కథ నాక్కూడా చదవాలని ఉంది.